బాయి నీళ్లు చేదు

ఎనభైల తొలి రోజుల్లో, ఒక జనవరి సోమవారం ఉదయం, సికింద్రాబాద్ సీతాఫల్‌మండిలోని పన్నెండు మంచాల కాన్పుల ఆసుపత్రిలో లేబర్ రూమ్ సిస్టర్‌గా చేరాను. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. గోదావరి జిల్లాలో కాలవ గట్టున పుట్టి పెరిగి, నర్సు చదువు ముగించుకుని, ఒక ట్రంకుపెట్టె, ఒక బైబిలు పట్టుకుని రైలు దిగినదాన్ని.

జోయెల్, షారోన్! పోయిన సెలవుల్లో మీరు అల్వాల్ వచ్చినప్పుడు పెరట్లో బావి మీద గిరక చూసి నన్ను ఒక ప్రశ్న అడిగారు. "అమ్మమ్మా, మోటారుంది, ఇన్వర్టరుంది, మళ్లీ ఈ గిరక, తాడు, బొక్కెన ఎందుకు?" అని. అప్పుడు మీ రైలుకు టైమైపోయింది. జబల్‌పూర్ చేరాక షారోన్ ఫోన్లో మళ్లీ అడిగింది. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పే సంగతి కాదు కాబట్టి ఇలా రాసి పంపుతున్నాను. తీరిగ్గా చదవండి. అన్నం తినేటప్పుడు మాత్రం చదవకండి, కొంచెం ఆసుపత్రి సంగతులున్నాయి.

సిస్టర్ అంటే నర్సే. కాకపోతే ఒక గది పూచీ మొత్తం తనదైన నర్సు. మా అందరికీ పైన డాక్టరమ్మ. ఆసుపత్రి ఆమెదే. మా కింద ఆయాలు. పేరుకు కిందే గానీ, గది కడగడం, గుడ్డలు ఉడకబెట్టడం, నొప్పులు పడే తల్లి నడుము పట్టడం, నీళ్లు చూడటం, అన్నీ వాళ్ల చేతుల మీదే నడిచేవి. రాత్రి డ్యూటీ ఆయా పేరు యాదమ్మ. నలభై దాటిన మనిషి. సన్నగా, చెరుకుగడలా ఉండేది. ఆసుపత్రి ప్రహరీ వెనకాలే ఆమె ఇల్లు.

కాన్పుల గదికి మందులకన్నా ముందు కావలసింది నీళ్లు. చేతులు మోచేతుల దాకా కడుక్కోవాలి, అదీ పారే నీటి కింద. బకెట్లో ముంచితే లెక్కలోకి రాదు. ఆ రోజుల్లో రబ్బరు తొడుగులు ఒకసారి వాడి పారేసేవి కావు. కడిగి, ఉడకబెట్టి, ఆరబెట్టి, పౌడరు చల్లి మళ్లీ వాడేవాళ్లం. ఇన్ని నీళ్లూ వెనకాల ఉన్న బావి నుంచే రావాలి. మోటారు వేస్తే నీళ్లు మేడ మీది ట్యాంకుకు ఎక్కేవి. కరెంటు ఉన్నంతవరకు ఏ బాధా లేదు. వేసవి వచ్చిందంటే కరెంటు పొద్దున పోతే మధ్యాహ్నానికి వచ్చినా అదృష్టమే.

అందుకని డాక్టరమ్మ మూడు ఏర్పాట్లు చేసి పెట్టింది. మొదటిది, లేబర్ రూమ్ బయట స్టూళ్ల మీద అడుగున కుళాయి బిగించిన రెండు రేకు డ్రమ్ములు. ఎప్పుడూ నిండుగా ఉండాలి. రెండోది, బావి పక్క రేకుల షెడ్డులో డీజిల్ ఇంజను. మూడోది, అన్నిటికన్నా పాతది, బావి మీద ఇనుప గిరక, చాంతాడు, రెండు బొక్కెనలు.

ఆ బావి దగ్గరే నాకూ యాదమ్మకూ మాటల గొడవ. మా వైపు బావిని నుయ్యి అంటాం. నీళ్లు తోడతాం అంటాం. మొదటిసారి నేను "నూతిలో నీళ్లు తోడించావా?" అని అడిగితే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నుయ్యేంది సిస్టరమ్మా, గొయ్యి అన్నట్టు! మంచిగ బాయి అనరాదుండ్రి? ఇగ తోడేంది? పాలకు తోడేస్తరు గని నీళ్లకు తోడేస్తరా?"

నేనూ నవ్వాను. మరి నువ్వేమంటావు అని మాత్రం అడగలేదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

యాదమ్మకు చదువంటే ఆశ. బస్తీలో రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చుకుంది. మధ్యాహ్నాలు డ్యూటీ లేకపోయినా వచ్చి మెట్ల మీద కూర్చుని నా దగ్గర గుణింతాలు, వత్తులు దిద్దుకునేది. థకు ధకు తేడా తెలిసిన రోజు ఆసుపత్రంతా తిరిగి చెప్పింది. లేబర్ రూమ్ గుమ్మం పక్కన ఒక పలక వేలాడేది. నీళ్ల సంగతి, కరెంటు సంగతి రాసి పెట్టడానికి. దాని మీద సిస్టర్లే రాసేవాళ్లు. మార్చి నెలలో నేను డాక్టరమ్మను బతిమాలి, రాత్రి డ్యూటీ రాత యాదమ్మ చేతికిప్పించాను. డాక్టరమ్మ ఒప్పుకుంటూనే ఒక మాట అంది. "చూడు యాదమ్మా, ఇది లేబర్ రూమ్. ఒక్క మిస్టేక్ జరిగినా పలక మళ్లీ సిస్టర్ల చేతికే పోతుంది."

"జరగదమ్మా," అంది యాదమ్మ. ఆ రోజు నుంచి బలపాన్ని చెంగున ముడేసుకుని తిరిగేది, తాళంచెవిలాగా.

ఇక అసలు సంగతి. మే నెలలో ఒక ఉదయం. అంతకు రెండు రోజుల ముందే బావిలో బ్లీచింగ్ పౌడరు కలిపించాం. ఎక్కువైతే నీళ్లు చేదెక్కుతాయని, పసిపిల్లలకూ తల్లులకూ అవి వాడొద్దని డాక్టరమ్మ మమ్మల్ని ముందే హెచ్చరించింది. ఆ ఉదయం నా బస్సు తప్పింది. ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేరాను. మామూలుగా డ్యూటీ దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు ఎదురెదురుగా నిలబడి చార్జి అప్పగించుకోవాలి. నేనే ఒకసారి యాదమ్మతో, నాకు ఆలస్యమైతే నువ్వు పలక మీద రాసిపెట్టి వెళ్లిపో అని చెప్పి ఉన్నాను. పగటి ఆయా ఆ రోజు రానేలేదు. గుమ్మం పక్కన పలక మీద గుండ్రటి అక్షరాలతో మూడు ముక్కలున్నాయి.

"కరంటు లేదు. డ్రమ్ములు నిండినయి. బాయి నీళ్లు చేదు."

చదివాను. బ్లీచింగ్ ఎక్కువైంది! ఆ నీళ్లే డ్రమ్ముల్లో నింపి పెట్టింది! మూత తీసి వాసన చూశాను. ఘాటుగానే ఉన్నట్టు తోచింది. ఉందనుకుని చూస్తే ఏ వాసనైనా ఉంటుంది పిల్లలూ. అనుమానం ఉన్న నీళ్లు లేబర్ రూమ్‌లో ఉంచకూడదని మాకు చదువులో నేర్పారు. రెండు డ్రమ్ముల కుళాయిలూ తిప్పి, నీళ్లన్నీ వెనకాల జామచెట్టు పాదులోకి వదిలేశాను. బావి మీద చెక్క మూత వేశాను. మంచి పని చేశాననే అనుకున్నాను. మేడ మీది ట్యాంకు అప్పటికే ఖాళీ. ఎదురింటివాళ్లు ఒక బిందె నీళ్లిచ్చారు. కరెంటు వచ్చేదాకా వాటితో నెట్టుకు రావచ్చనుకున్నాను. కరెంటొచ్చినా ట్యాంకులోకి ఎక్కేది ఆ బావి నీళ్లేనన్న సంగతి మాత్రం తట్టలేదు.

పదిన్నరకు సరోజ వచ్చింది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు నర్సింగ్ భార్య. తొలి కాన్పు. రిక్షా దిగేసరికే నొప్పులు ముదిరాయి. గంటలోపే ఆడపిల్ల పుట్టింది, గట్టిగా ఏడ్చింది. బిందె నీళ్లు అక్కడికి అడుగంటాయి.

బిడ్డ పుట్టాక మాయ అని ఒకటి బయటికి రావాలి. కడుపులో బిడ్డకు అన్నం పెట్టిన సంచి అనుకోండి. సరోజకు అది రాలేదు. అరగంట చూశాం. రక్తం ఆగడం లేదు. డాక్టరమ్మ ముఖం మారింది. చెయ్యి పెట్టి తీయాలి, ఇంకా ఆలస్యం చేయడానికి లేదు. దానికి మళ్లీ మొదటి నుంచి మోచేతుల దాకా చేతులు కడుక్కోవాలి.

"సిస్టర్, వాటర్."

నేను ఖాళీ బిందె వైపు చూశాను.

"సిస్టర్! నీళ్లేవి?"

పారబోశానని చెప్పాను. బావి నీళ్లు చెడిపోయాయని చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టే తీరిక లేదు. సరోజ నాడి మీద వేళ్లు పెట్టి ఉంచి, "ఎక్కడి నుంచైనా తీసుకురా. ఇప్పుడే," అంది.

బయటికి పరిగెత్తాను. వరండాలో నర్సింగ్ నిలబడి ఉన్నాడు. నా ముఖం చూసి, నీళ్లు లేవని విని, అతను తన పరేషాన్ పక్కన పెట్టి పనిలో పడ్డాడు.

"ఇంజనుంది గద మేడం షెడ్ల? నేను షురూ జేస్త. మా వర్క్‌షాపుల గిసుంటివి మస్తు జూసిన."

"వద్దు బాబూ, ఆ నూతి నీళ్లు పనికిరావు. చేదెక్కిపోయాయి. పలక మీద రాసి ఉంది చూడు."

అతను పలక దగ్గరికి వెళ్లి పెదవులు కదుపుతూ చదివాడు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"మేడం, గిది చేదు గాదు. చేదు!"

"అదే కదా నేనూ అంటున్నాను!"

"అయ్యో, చేదు గాదమ్మా! చేదుమని! బొక్కెనేసి చేదుమని రాసిండ్రు!" అంటూ రెండు చేతులతో గాలిలో తాడు లాగి చూపించాడు.

మా వైపు చేద అంటే నూతిలో వేసే బకెట్టు. చేదు అంటే కాకరకాయ. చేదలో నుంచి చేదడం పుడుతుందని, ఇక్కడివాళ్లు మేం తోడే నీళ్లను చేదుతారని నాకు తట్టలేదు. ఆ మూడో ముక్క నాకు రాసింది కాదు. డ్రమ్ములు అయిపోతే బావిలోంచి ఇంకా చేదు అని పగటి ఆయాకు చెప్పిన పని అది. నర్సింగ్ బావి మీది మూత తీసి, బొక్కెన వేసి, పైకొచ్చిన నీళ్లు దోసిట్లో పట్టి తాగాడు. "తియ్యగున్నయి," అన్నాడు. ఆ చిన్న పని పొద్దున్నే నేను చేసి ఉండాల్సింది.

ముందు ఇంజనే షురూ చేద్దామని చూశాడు. కానీ ఇంజను పంపులో ముందు నీళ్లు పోసి నింపితేనే అది బావి నీళ్లను పైకి లాగుతుంది. గొట్టంలో గాలి ఉంటే ఊరికే మొరుగుతుంది. అంతటి మిషనుకూ మొదట ఒక బొక్కెనెడు నీళ్లు కావాలి. ముందు లోపలికి కావాలి, తర్వాతే దానికి. అతను మళ్లీ గిరక దగ్గరికి వచ్చాడు. తొందరలో తాడు గాడి తప్పింది. గిరక కీచుమని అరిచింది.

ఆ అరుపుకు ప్రహరీ వెనక నుంచి యాదమ్మ వచ్చింది. జుట్టుకు సగం నూనె పెట్టుకుని ఉంది, మిగతా సగం ఎండుగా చెదిరి ఉంది.

"ఎవరయ్యా గది? గిరక గట్ల ఒర్లుతున్నదంటే ఎవరో కొత్తోళ్లు చేదుతున్నరని ఎరుకైంది. జెర జరుగు!"

తాడును గాడిలోకి సర్దింది. రెండో బొక్కెనను తాడు రెండో కొసకు కట్టింది. ఇలా కడితే ఒకటి నిండి పైకి వచ్చేసరికి ఖాళీది కిందికి దిగి ఉంటుంది. లాగిన బలం వృథా పోదు. నీటిని తాకగానే తాడును ఒక్క విదిలింపు విదిలిస్తే బొక్కెన పక్కకు ఒరిగి గుటుక్కున మునుగుతుంది. నర్సింగ్ లాగుతుంటే ఆమె అందుకుని పోసింది. నాలుగో బొక్కెనకు నేను బకెట్టు ఎత్తుకుని లోపలికి పరిగెత్తాను. వెనకే ఆమె కూడా వచ్చి, కాళ్లూ చేతులూ కడుక్కుని, చెంబు పట్టుకుని డాక్టరమ్మ పక్కన నిలబడింది. చెంబుతో పోసినా అది పారే నీరు కావాలంటే చెంబు చేతులకు తగలకూడదు, ధార తెగకూడదు, వేళ్ల నుంచి మోచేతుల వైపే జారాలి. యాదమ్మ చేతిలో ఆ ధార దారంలా దిగింది. ఒక్కసారి కూడా తెగలేదు. డాక్టరమ్మ సబ్బుతో రుద్దుకుని, ఆపైన మందు నీళ్లతో కడుక్కుని, తొడుగులు వేసుకుంది.

మాయ వచ్చింది. రక్తం ఆగింది. సరోజ తెల్లగా పాలిపోయి, మొట్టమొదట అడిగిన మాట, "పిల్ల ఏదీ?" అని. యాదమ్మ బిడ్డను గుడ్డలో చుట్టి ఆమె పక్కన పడుకోబెట్టి, "గిదో నీ బంగారం. నిన్ను జెర తక్లీఫ్ వెట్టింది గని మంచిగున్నది," అంది.

నర్సింగ్ అప్పుడు పంపులో నీళ్లు పోసి ఇంజను తిప్పాడు. భళ్లున మొదలైంది. ట్యాంకులో నీళ్లు పడే చప్పుడు కింద మా అందరికీ వినిపించింది.

చప్పుడు విన్నాక యాదమ్మ డ్రమ్ముల దగ్గరికి వెళ్లింది. తట్టి చూసింది. రెండూ ఖాళీ.

"సిస్టరమ్మా, నేను నింపిన నీళ్లేవి? పొద్దుగాల ముప్పై బొక్కెనలు చేదిన గద?"

చెప్పాను. పలక మీది మాటను నేనెలా చదివానో అంతా చెప్పాను. ఆమె నవ్వుతుందని అనుకున్నాను. నవ్వలేదు. పలక దగ్గరికి వెళ్లి తన రాతనే చాలాసేపు చూసుకుంది.

"నా అక్షరాలు తప్పా?" అంది.

నేను జవాబు చెప్పేలోపే లోపల డాక్టరమ్మ గొంతు వినిపించింది, "ఆ పలక మీద ఏం రాశారు? ఎవరు రాశారు?" అని. యాదమ్మ గబుక్కున కొంగుతో పలక తుడిచేసింది. తుడిచి, చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. బలపం ముడి మీద వేళ్లు బిగించి ఉన్నాయి.

డాక్టరమ్మ వచ్చేసరికి పలక నల్లగా ఉంది. ఒక్కటే అడిగింది, "తప్పు రాసిందెవరు?" అని.

పిల్లలూ, ఇక్కడ మీకు దాచకుండా ఒక మాట చెప్పాలి. ఒక్క క్షణం నేను మాట్లాడలేదు. నేను కొత్తదాన్ని, ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. రాసింది చెరిగిపోయింది. నేను ఊరుకుంటే యాదమ్మ ఎదురు చెప్పేది కాదు. పలక ఒక్కటే ఆమె చేయి జారేది, అంతకు మించి ఎవరికీ ఏమీ జరిగేది కాదు. ఆమె నా వైపు చూడలేదు. నేల చూస్తోంది. సగం నూనె రాసిన ఆ తల చూశాక ఇక ఊరుకోలేకపోయాను.

"రాసింది సరిగ్గానే ఉంది డాక్టరమ్మా. చదివింది తప్పు. చదివింది నేను," అన్నాను. ఆ మూడు ముక్కలూ అలాగే ఒప్పజెప్పాను.

డాక్టరమ్మ ఈ ఊరి మనిషే. వినగానే ఆమెకు సంగతి అర్థమైంది. పెదవి చివర నవ్వో కోపమో తెలియలేదు. మర్నాడు నాకు మెమో ఇచ్చింది. మెమో అంటే మీరు చేసిన పొరపాటుకు రాతలో సంజాయిషీ ఇవ్వమని అడిగే కాగితం. ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చినట్టు, చార్జి మనిషి దగ్గర తీసుకోనట్టు, రుచి చూడకుండా, ఎవరినీ అడగకుండా నీళ్లు పారబోసినట్టు అన్నీ రాసి సంతకం పెట్టాను. నేనక్కడ పనిచేసినన్నాళ్లూ అది నా ఫైల్లో ఉంది. పలక యాదమ్మ దగ్గరే ఉండిపోయింది. డాక్టరమ్మ ఒక కొత్త నియమం పెట్టింది. పలక మీద ఏం రాసి ఉన్నా సరే, వచ్చే మనిషి ముఖం చూసి నోటితో చెప్పాకే పోయే మనిషి కదలాలి.

అయినా యాదమ్మ వారం రోజులు పలక మీద ఏమీ రాయలేదు. నోటితో చెప్పి వెళ్లిపోయేది. నేను బతిమాలలేదు. మధ్యాహ్నం మెట్ల దగ్గర నేనే ఆమె పక్కన కూర్చుని, "ఈసారి నువ్వు నాకు నేర్పు. మీ మాటలు చెప్పు," అన్నాను. బాయి, బొక్కెన, చాంతాడు, చేదుడు. నేను నోట్‌బుక్కులో రాసుకుంటుంటే ఆమె తొంగి చూసి, "చేదుడుల డుకు కొమ్ము సక్కగ వెట్టుండ్రి," అని నా రాతే దిద్దింది.

ఆ తర్వాత ఒక ఉదయం మళ్లీ కరెంటు పోయింది. ఆ రోజు నేను పది నిమిషాలు ముందే వెళ్లాను. యాదమ్మ గుమ్మంలో నా కోసం నిలబడి ఉంది. గడ్డంతో పలక వైపు చూపించింది.

"కరంటు లేదు. బాయి నీళ్లు తియ్యగున్నయి. చేదుండ్రి."

నేను చదివి, ఆమె వైపు తిరిగి, "చేదుతాను," అన్నాను. అప్పుడు గానీ ఆమె ఇంటికి కదల్లేదు.

ముప్పై నాలుగేళ్లు సర్వీసు చేశాను. తర్వాత పనిచేసిన ఆసుపత్రుల్లో జనరేటర్లు వచ్చాయి, కుళాయిలు గోడల్లోకి పోయాయి. నేను మాత్రం రెండు పనులు మానలేదు. చార్జి కాగితం మీద కాకుండా మనిషి నోట తీసుకునేదాన్ని. అర్థమైందనుకున్న మాటను కూడా ఒకసారి తిరిగి అడిగేదాన్ని. మోటారు, ఇంజను, ఇన్వర్టరు, ఏది పెట్టుకున్నా అది మొరాయించిన రోజున చేత్తో నడిచేది ఒకటి సిద్ధంగా ఉండాలి. దాన్ని వాడటం తెలిసిన మనిషితో మనకు మాట కలవాలి. అల్వాల్ ఇంట్లో గిరకకు నెలకోసారి ఆముదం వేస్తున్నాను. తాడు రెండు కొసలకూ బొక్కెనలున్నాయి. మీరొచ్చినప్పుడు నేర్పుతాను.